నోటి ఆవిరి

లంబసింగిలో ఇప్పుడు ప్రతి బిడ్డ చేతికీ పిల్లల బడి టీచరమ్మ కట్టిన కాపలా కడియం ఉంటుంది. వేడి గిన్నె జోలికి వెళ్తే చురుక్కుమనిపిస్తుంది. పైడితల్లి కూతురు రెండేళ్ల జానుకి పొయ్యంటే భయం రెండు రోజుల్లోనే పట్టుకుంది. తర్వాత పొగలు కక్కే అన్నం చూసి ఏడ్చింది. ఆపైన తలకి పట్టే సాంబ్రాణి ధూపం చూసి మంచం కింద దూరింది. ఈ ఉదయం పైడితల్లి ముద్దు పెట్టుకోబోతే, చలికి తల్లి నోట్లోంచి వచ్చిన ఆవిరి చూసి కెవ్వుమంది.

పైడితల్లి కడియం ఊడబీకి, పిల్లను చంకనేసుకుని పిల్లల బడికి వెళ్లి, ఆ కడియాన్ని టీచరమ్మ ముందు విసిరికొట్టింది.

"కోపమెందుకే? పాము కరిచినోడికి తాడన్నా భయమే గదా. తెలివైన పిల్ల!" అని నవ్వింది టీచరమ్మ.

"ఆ పామును చేతికి కట్టింది నువ్వే! పొయ్యంటే భయం నేర్పమన్నాను గానీ, అమ్మంటే నేర్పమన్నానేటి?"

"కడియం తీసీసేవు గదా, ఇంకేటి బాధ?"

"చేతినుంచి నేను తీసేను. బుర్రలోంచి నువ్వు తియ్యి!"

టీచరమ్మ నవ్వు ఆగిపోయింది. చంకలో జాను, అరుస్తున్న తల్లి నోటి ఆవిరి చూసి వణుకుతోంది. పైడితల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, మిగిలిన తిట్లన్నీ ఆ కొంగులోనే తిట్టింది.