కిస్తీల చెవి

దివాలా కేసుల్లో ఇరవై ఏళ్లు ఆరితేరిన వకీలమ్మ అని విని రాజమౌళి సిరిసిల్ల నుంచి వచ్చాడు. తమ్ముడింట్లో దాచిన మరమగ్గం సంగతి ఆమెకు చెప్పాలి. అప్పిచ్చిన కంపెనీ చెవిన పడితే అదీ పోతుంది.

“కిస్తీల మీద కొన్నవన్నీ ఈ డబ్బాల పెట్టు కాకా. అవి కంపెనీకి చాడీలు మోస్తయి,” అంది వకీలమ్మ.

“మరి మీ కళ్లద్దాలు?”

“నగదుకు కొన్న. రసీదు సూపాల్నా?”

“సూపుండ్రి.”

రసీదును రెండుసార్లు చదివి, గడియారం తీసి డబ్బాలో పెట్టాడు. చివరికి, మనసొప్పకపోయినా, చెవి మిషను కూడా పెట్టాడు. ఆమె మూత బిగించింది. లోకం మూగబోయింది.

ముందుకు వంగి, మగ్గం ఎక్కడుందో గుసగుసగా చెప్పాననుకున్నాడు. వకీలమ్మ ఉలిక్కిపడి డబ్బాను పొట్టకు అదుముకుంది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి అతన్నే చూస్తున్నారు. అందరి చేతులకూ అతని గడియారం లాంటివే ఉన్నాయి.