ఇరవై గ్రాములు

"ఇరవై గ్రాములు పెరిగేడమ్మా" అన్నాడు దాలయ్య, గుమ్మంలోనే నిలబడి.

మంచం మీద శ్రావణి కళ్లు మూసుకుంది. "పెట్టెలో నీళ్లు పోత్తన్నారా నాన్నా?"

"పోత్తన్నారు. అద్దం మీద సెమ్మ సూసేను."

ఏడో నెలలోనే పుట్టాడు బిడ్డ. తొమ్మిది వందల గ్రాములు. పలాస ఆసుపత్రిలో కాన్పయిన గంటకే, బీపీ పెరిగిన తల్లిని ఇక్కడే ఉంచి, బిడ్డని టెక్కలి ఆసుపత్రికి పంపించేశారు. తండ్రి కామేశ్ గుజరాత్ వైపు వేట బోటు మీద ఉన్నాడు, ఫోను కలవదు. తాత దాలయ్యే వెంట వెళ్లాడు. తోలు మరీ పల్చన, ఒంట్లో నీరు గాలికి ఎగిరిపోతుంది, అందుకే గాజుపెట్టెలో గాలి తడిగా ఉంచుతాం అని అక్కడివాళ్లు చెప్పారు.

ఎంత తడి పెట్టినా బిడ్డ నిలవలేదు. పుట్టిన రెండో రోజే, ఈ పొద్దున్న పోయాడు. సొంతూరు వజ్రపుకొత్తూరు ఇసుకలో దాలయ్యే గుంట తీశాడు.

"బీపీ దిగేదాకా ఆమెకి చెప్పొద్దు. ఫిట్స్ వస్తే తల్లి కూడా దక్కదు" అంది డాక్టరు ఝాన్సీలక్ష్మి.

ఉన్నది ఒక్కగానొక్క కూతురు. అందుకే ఆ ఇరవై గ్రాములు.

మర్నాడు ఇంకో ఇరవై. రోజూ శ్రావణి పాలు పిండి సీసాలో పోసి ఇచ్చేది. దాలయ్య టెక్కలి బస్సెక్కేవాడు. పారబోయడానికి చెయ్యి రాక, సీసా ఒళ్లో పెట్టుకుని బస్టాండులోనే కూర్చునేవాడు. సాయంత్రానికి పాలు విరిగిపోయేవి. అప్పుడు కుళాయి కింద వంపి, ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేవాడు.

"అంతా తాగీసేడమ్మా."

"మంచిది నాన్నా. నువ్వేటైనా తిన్నావా?"

ఐదో సాయంత్రం బీపీ దిగింది. ఇక చెప్పొచ్చంది డాక్టరు. దాలయ్య మంచం పక్కన నిలబడ్డాడు.

"కేజీ అయ్యేడమ్మా" అనేశాడు.

శ్రావణి అతని చెయ్యి పట్టుకుంది. "రేపట్నుంచి టెక్కలి ఎల్లకు నాన్నా. ఇలా నా కాడ కూకో."

ఐదేళ్లుగా విశాఖలో అలాంటి పెట్టెల మధ్యే నర్సుగా పనిచేస్తున్న శ్రావణికి, నెలలు నిండని బిడ్డ బతికుంటే మొదటి రోజుల్లో నీరు పోయి బరువు తగ్గుతాడే గాని పెరగడని తెలుసు. తండ్రి మొదటిసారి "ఇరవై గ్రాములు" అన్నప్పుడే ఆమె కళ్లు మూసుకుంది.