అంచనా గ్రేడు

"మిస్, కెమిస్ట్రీలో నాకు అంచనా గ్రేడు 'బి' అని యూనివర్సిటీలకు పంపారట. మా క్లాసు రూపర్ట్‌కేమో 'ఎ' ఇచ్చారు." హాలిఫాక్స్ బస్సు దిగి తడి కోటుతోనే నా గదిలోకి వచ్చింది బెథనీ.

"అది మా అంచనా మాత్రమే. అసలు పరీక్ష జూన్‌లో కదా, అప్పుడు చూపించు."

"మెడిసిన్ వాళ్ళు ఇప్పుడే చూస్తారుగా. 'ఎ' లేకపోతే ఇంటర్వ్యూకే పిలవరు."

"దరఖాస్తు నిన్నే వెళ్ళిపోయింది. ఇక మార్చలేను."

అయినా మార్కుల పట్టిక తెరిచాను. నమూనా పరీక్షలో ఇద్దరికీ డెబ్బై ఒకటే. 'ఎ'కి ఒక్క మార్కు తక్కువ.

"మరి వాడికెలా వచ్చింది మిస్?"

"వాళ్ళమ్మ మూడుసార్లు వచ్చి కూర్చుంది. అంచున ఉన్నవాళ్ళు అడిగితే పెంచుతాం. ఏటా ఉన్నదే. నువ్వెందుకు రాలేదు?"

బెథనీ కాసేపు పట్టిక వైపే చూసింది. ఏడవలేదు, కోప్పడలేదు.

"అడగొచ్చని తెలీదు మిస్. మార్కుల్ని బట్టి ఇస్తారనుకున్నా."

పట్టిక మూసేశాను. గంట మోగింది.

"వెళ్ళొచ్చా మిస్?"

రెండేళ్ళలో ఆ పిల్ల నన్ను కోరింది ఎప్పుడూ అదొక్కటే.