నాలుగు హెడ్‌ఫోన్ల పెట్టె

పెద్దయ్యాక అక్షరాలు దిద్దినదాన్ని, నింపాదిగా రాస్తాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

"ఇంకొక్క పాట వినబడ్డదో, మీ సామానంత గల్లీల ఉంటది!"

కింద మెట్ల దగ్గర నిలబడి కాశమ్మ వేసిన కేకకి, పై గదిలో బాబురావు పాట సగంలో ఆగిపోయింది. బహదూర్‌పురాలో ఆ ఇల్లు కాశమ్మది. మేడమీద గది అద్దెకు తీసుకుని మ్యూజిక్ పార్టీ నడుపుతున్నాడు బాబురావు. గిటారు, బుల్‌బుల్ తరంగ్, బోంగోలు, మైకులు అన్నీ అతనివే. పాడేదీ అతనే.

"చూసినవా సోమయ్యా? నీ బోంగోల లొల్లికి ముసలామెకు కునుకు లేకుండయింది" అన్నాడు బాబురావు.

సోమయ్య ఏదో అనబోయాడు. బుల్‌బుల్ తరంగ్ ముందు కూర్చున్న అతని భార్య కళావతి మోచేత్తో ఒక్కటి పొడిచింది.

బాబురావు మనసు వెన్న. రిహార్సలుకి వచ్చినవాళ్లకు చాయ్, ఉస్మానియా బిస్కట్లు తన చేతి ఖర్చే. కళావతి ఆసుపత్రిలో పడితే రోజూ సైకిలు మీద అన్నం మోసింది అతనే. అతనికున్న పిచ్చల్లా పాట ఒక్కటే. కిందటి పెళ్లిలో రెండో పాటకే జనం ఈలలు వేసి దిగిపొమ్మన్నారు. అప్పటినుంచి మనిషికి తిండి సయించడం లేదు. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం శివయ్య కూతురి పెళ్లి ఒప్పుకుని ఉన్నారు. అక్కడ కూడా ఈలలు పడితే సామాను అమ్మేసి, పార్టీ ఎత్తేస్తానని తేల్చి చెప్పాడు.

"రిహార్సలే లేకపోతే పెళ్లిల ఏం పాడుతం? అయిపోయిందిరా మన పని" అని చాప మీద కూలబడ్డాడు.

గిటారు వాయించే ఇశ్రాయేలు పగలు రేడియోల కార్ఖానాలో పనిచేస్తాడు. అతను తల గోక్కుంటూ అన్నాడు:

"ఫికర్ చేయకన్నా. చప్పుడు బయటికి పోకుండ చేద్దం."

"ఎట్ల? గోడలకు దుప్పట్లు కడ్తవా?"

"గోడలకు కాదు, మన చెవులకు."

జుమ్మెరాత్ బజారుకి పోయి పాత వైర్‌లెస్ సెట్ల హెడ్‌ఫోన్లు నాలుగు ఏరుకొచ్చాడు ఇశ్రాయేలు. చెక్కపెట్టె ఒకటి చేసి దానికి మీటలు బిగించాడు. గిటారు తీగ, తరంగ్ తీగ, మైకుల తీగలు అన్నీ ఆ పెట్టెలోకి పోతాయి. పెట్టెలోంచి నాలుగు జతల చెవుల్లోకి వస్తాయి. గదిలో మాత్రం నిశ్శబ్దం. బోంగోల మీద కంబళి కప్పి, కింద ఒక మైకు దూర్చారు.

"నాకు గూడ ఒక మైకు ఉండాలన్నా. ఎనక నుంచి కోరస్ ఇస్త, నీకు బలం ఉంటది" అన్నాడు ఇశ్రాయేలు.

"పెట్టుకోరా, నాకేం నష్టం!"

"నువ్వు మాత్రం చిన్నగ పాడాలె. మైకుకు మూతి ఆనించి, చెవిల ముచ్చట చెప్పినట్టు."

బాబురావు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పల్లవి ఎత్తుకున్నాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"అరె! నా గొంతు నాకే గింత మంచిగ ఎన్నడు వినబడలేదురా!"

మరునాటి సాయంత్రం చప్పుడే లేదేమని కాశమ్మ మెట్లెక్కి వచ్చింది. నలుగురూ చెవులకు డిప్పలు పెట్టుకుని, నోరు మెదుపుతూ, తలలూపుతున్నారు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓ అవ్వో! అందరికి ఒక్కపారే గాలి సోకిందా ఏంది?"

సోమయ్య నవ్వి తన హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టాడు. బాబురావు కళ్లు మూసుకుని చరణం అందుకున్నాడు. కాశమ్మ ముఖం మెల్లగా విచ్చుకుంది. పాట అయ్యేదాకా కదల్లేదు.

"బాబురావ్, గీ గొంతు ఇన్నొద్దులు ఏడ దాచినవయ్యా? మస్తున్నది!"

ఆ మాటకి బాబురావు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. తర్వాత రిహార్సళ్లలో తగవే రాలేదు. ఇంతకుముందు తాను పాడుతుంటే ముగ్గురి ముఖాలూ ముడుచుకుపోయేవి. ఇప్పుడు నవ్వుతూ వాయిస్తున్నారు.

"పెట్టె వచ్చినకాంచి మీకు గూడ నా పాట రుచి తెలిసినట్టున్నది" అన్నాడోసారి.

"అంత పెట్టె మహిమనే అన్నా" అంది కళావతి.

పెళ్లినాడు పందిట్లో కూడా ఇశ్రాయేలు అదే పెట్టె పెట్టి, దాన్నుంచి లౌడ్‌స్పీకర్లకి తీగ లాగాడు.

"ఈడ గూడ చెవులకు ఇవేనా?" అన్నాడు బాబురావు.

"సినిమాలకు పాడేటోళ్లు గిట్లనే పాడుతరన్నా. జనం లొల్లి చెవిల పడదు, శ్రుతి తప్పదు."

బాబురావు మైకు పట్టుకున్నాడు. కళ్లు మూసుకుని, మూతి ఆనించి, చిన్నగా మొదలుపెట్టాడు. పాట ముగిశాక భయంభయంగా కళ్లు తెరిచాడు. వడ్డించేవాళ్లు గరిటెలు పట్టుకుని నిలబడిపోయి ఉన్నారు. పందిరంతా చప్పట్లు. వన్స్‌మోర్ అని కేకలు. శివయ్యే స్వయంగా వచ్చి శాలువా కప్పాడు.

"నీ గొంతుల తేనె ఉన్నదయ్యా! మా చిన్నోని పెండ్లికి గూడ నువ్వే రావాలె."

బాబురావు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇశ్రాయేలుని గట్టిగా కావలించుకున్నాడు.

"సామాను అమ్ముడు లేదు, ఏం లేదురా! నేను బతికినన్ని దినాలు పార్టీ నడుస్తది. ఏం పెట్టె కట్టినవురా, నా పాట నిలబెట్టినవ్!"

ఇశ్రాయేలు జవాబు చెప్పబోయి, గొంతు బొంగురుపోయి, నవ్వి ఊరుకున్నాడు.

ఆ పెట్టెలో బాబురావు మైకు తీగ వెళ్లేది ఒక్క బాబురావు చెవులకే; మిగతా చెవులకీ, లౌడ్‌స్పీకర్లకీ వెళ్లేది ఇశ్రాయేలు మైకు.

— సుశీలమ్మ, అరవై ఏడేళ్లు, బార్కస్