పక్క మంచం చలానా

ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు ముక్కు మీద కోపమని ఊరందరికీ తెలుసు. ముప్పై ఏళ్లు ఎండలో నిలబడ్డందుకు ఆ ముక్కు మీదే చర్మ కేన్సరూ వచ్చి కూర్చుంది.

డాక్టరు దాన్ని కోసి తీసేసి, చెవి వెనక నుంచి చర్మం తెచ్చి అతికించాడు.

"సిగరెట్ ముట్టుకున్నారంటే రక్తం అందక ఈ చర్మం నల్లబడి రాలిపోతుంది. తర్వాత మీ ముక్కుకు నా పూచీ లేదు."

"అమ్మతోడు, ముట్టను డాక్టరుగారూ!"

సాయంత్రం బావమరిది పేపర్లో చుట్టి ఒక సిగరెట్ పెట్టె తెచ్చిచ్చాడు. కానిస్టేబుల్ ఒట్టు తీసి గట్టున పెట్టి బాత్రూములో దూరాడు.

అగ్గిపుల్ల గీయబోతుంటే తలుపు తోసుకుని పక్క మంచం తాత వచ్చాడు. ఆయన ముక్కు మీదా కట్టే.

"దొరికావు నాయనా. చలానా కట్టు."

"ఒకటి తీసుకో తాతా."

"ఒకటేం సరిపోతుంది? పెట్టె మొత్తం ఇవ్వు. లేదంటే సిస్టర్ని కేకేస్తా."

ఎంతమంది లారీవాళ్ల ముక్కు పిండిన మనిషి! నోరు మూసుకుని ఇచ్చేశాడు.

మర్నాడు మెట్ల కింద, ఆ మర్నాడు నీళ్ల ట్యాంకు వెనక. ఎక్కడ అగ్గిపెట్టె తీసినా తాత ప్రత్యక్షం.

"నీకు తిండీ నిద్రా ఉండవా తాతా?"

"నీ సిగరెట్లుండగా తిండెందుకు నాయనా?"

ఐదు రోజుల్లో ఐదు పెట్టెలు పోయాయి.

"బావా, కాస్త తగ్గించు" అని బతిమాలాడు బావమరిది.

"ఒక్కటి తాగితే ఒట్టురా!" అంటూ కానిస్టేబుల్ ఏడ్చినంత పని చేశాడు.

ఆరో రోజు డాక్టరు రాగానే కడుపుమంటంతా కక్కేశాడు.

"ఆ తాత సొరుగు తెరిచి చూడండి సార్. సిగరెట్ల కొట్టు పెట్టాడు!"

ఐదు పెట్టెలూ బయటపడ్డాయి.

"పొగ తాగేవాళ్లకు నేను ఆపరేషన్ చేయను. ముందే చెప్పాను కదా" అన్నాడు డాక్టరు తాతతో.

తాత సంచీ సర్దుకుని, వెళ్తూ వెళ్తూ కానిస్టేబుల్ దగ్గర ఆగాడు.

"కట్టు విప్పాక కూడా తాగకు నాయనా."

'ఎంత వెటకారం!' అని పళ్లు నూరుకున్నాడు కానిస్టేబుల్.

డాక్టరు కట్టు విప్పాడు. కొత్త చర్మం గులాబీ రంగులో చక్కగా అతుక్కుంది.

"భేష్! సిగరెట్ అలవాటున్నవాళ్లలో ఇంత బాగా అతకడం అరుదు. మీ నిగ్రహం గొప్పది."

"ఏదో లెండి, చిన్నప్పట్నుంచీ పట్టుదల మనిషిని."

పెట్టెలు చెత్తబుట్టలో వేయబోతూ సిస్టర్ ఆగిపోయింది.

"ఇదేమిటి? ఒక్కటీ వెలిగించలేదే!"

కానిస్టేబుల్ కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. తాత ఎక్కిన ఆటో గేటు దాటుతోంది. అలవాటుగా చెయ్యెత్తి ఆపబోయాడు. ఆటో ఆగలేదు.

"రేపే ఆయనకు మూడో ఆపరేషన్ జరగాల్సింది" అంది సిస్టర్ వెనక నుంచి. "అదే బాత్రూములో దొంగచాటుగా తాగి, రెండుసార్లు అతికించిన చర్మాన్నీ పోగొట్టుకున్నాడు, ఆ కట్టు కింద ముక్కే లేదండీ ఆయనకి."