ఎర్రగుట్టలో కప్పల లెక్క

ఏడు ఏనుగులు ఎక్కి తొక్కినా చలించని ఎర్రగుట్టను గడ్డల కోసం తవ్వేస్తానంది ఎలుగుబంటి. అక్కడ ఎవరూ కాపురం లేకుంటేనే తవ్వాలని అడవి చట్టం. గుట్టలో కప్పలున్నాయేమో లెక్క తీయడానికి ఎలుగే ఒక కొంగను కుదుర్చుకుంది. మండు వేసవిలో గుట్ట మీద సభ పెట్టి కొంగ ప్రకటించింది: "కప్పలు సున్నా! నా కంటపడని కప్ప ముల్లోకాల్లో లేదు."

చుక్కల్ని సైతం ప్రశ్నలతో విసిగించే ఉడతకు నోరు ఆగలేదు. "కొంగ మామా, పైన చూశావు సరే, లోపలో?"

"లోపల మట్టి కాక ఏముంటుందే పిల్లా?"

ఉడత గబగబా కాస్త మట్టి గీకింది. లోపల పడుకున్న కప్ప ఒక కన్ను తెరిచి, "వానొచ్చిందా?" అంది.

"ఇంకా లేదు, పడుకోవే!" అంటూ గుట్టలోంచి వెయ్యి గొంతులు కసిరాయి.

ఎలుగు తవ్వడానికి ఎత్తిన పంజా మెల్లగా దించింది.