రేడియో రుమాలు

రేడియోలో ప్రశ్నల పోటీలు నడిపే శేషగిరి, చప్పట్లు కొట్టమన్నట్టు రుమాలు ఊపాడు. మక్తల్ సంతలో జనం చప్పట్లు కొట్టారు. ముందే నేర్పిన జవాబులన్నీ రైతు జంగయ్య గడగడా అప్పజెప్పాడు మరి. గెలిస్తే ఇనుప నాగలి ఇస్తామన్నారు.

ఉత్సాహం పట్టలేక శేషగిరి నేర్పని ప్రశ్న ఒకటి వేశాడు. "ఈ ఏడు మీ జొన్నచేను ఎలా పండిందండీ?"

వానల్లేక చేను ఎండిపోయిన జంగయ్య శేషగిరి వైపు తిరిగాడు. "గిది నేర్పలేదు గద సారూ. ఏమని చెప్పాలె?"

శేషగిరి మైకును చేత్తో మూసి, "బ్రహ్మాండంగా పండిందనండి," అని గొణిగాడు.

జంగయ్య నాగలి వైపు ఒకసారి చూసి, మైకు దగ్గరికి వంగాడు.

"బ్రమ్మాండంగ పండిందని చెప్పుమంటున్నడు సారు."

ఆ రోజు మొదటిసారి, రుమాలు ఊపకుండానే చప్పట్లు మోగాయి.